మనోళ్లు ఎవరన్నా పోయిండ్రా సార్?

నిరుడు ఫిబ్రవరి నెలాఖరున, కురవికి దగ్గరలోని ఒక ఆశ్రమ పాఠశాలలో జాతీయ విజ్ఞాన దినోత్సవానికి మాట్లాడమని పిలిచారు. శివరాత్రి వెళ్లి రెండు రోజులే అయింది. వీరభద్రస్వామి జాతర జనం ఇంకా తగ్గలేదు. మానుకోటలో ఎక్కిన ఆటో గుడి దగ్గర నిలిచిపోతే మిగిలిన దూరం నడిచే వెళ్లాను. నేను భౌతికశాస్త్రం చదివినవాణ్ని కాదు, సామాజికశాస్త్రం బోధించేవాణ్ని. మా ప్రాంతం వాడినన్న అభిమానంతో పిలిచారు గనుక రామన్ గురించి, చంద్రయాన్ గురించి నాలుగు ముక్కలు సిద్ధం చేసుకుని వెళ్లాను. అవి చెప్పి, ప్రశ్నలేమైనా ఉంటే అడగమన్నాను. తొమ్మిదో తరగతి చదువుతున్న ఒక తండా అమ్మాయి లేచి అడిగింది: 'అంతరిక్షంలకు మనోళ్లు ఎవరన్నా పోయిండ్రా సార్?'

సులభమైన ప్రశ్నే అనుకున్నాను. 1984 ఏప్రిల్‌లో సోయజ్ నౌకలో వెళ్లిన రాకేశ్ శర్మ పేరు చెప్పాను. తెలుగువాళ్ల గురించి అడుగుతోందేమోనని 2021 జూలైలో వెళ్లొచ్చిన శిరీష బండ్ల, అదే ఏడాది నవంబర్‌లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి వెళ్లిన బృందానికి నాయకత్వం వహించిన రాజా చారి, 2024 మేలో వెళ్లిన గోపీ తోటకూర పేర్లు కూడా చెప్పాను. ఆ అమ్మాయి కూర్చోలేదు. 'అట్ల కాదు సార్, మనోళ్లు' అన్నది. వెనుక వరుసలో ఎవరో నవ్వారు. పక్కనున్న టీచరమ్మ ఆ పిల్లను కూర్చోమని సైగ చేసింది.

'మన' అనే మాటకు మన సమాజంలో ఎన్ని హద్దులున్నాయో ఆ పిల్లకు ఎవరూ పాఠం చెప్పనవసరం లేదు. అది ఆమెకు పుట్టుకతో తెలిసిన వ్యాకరణం. అంతరిక్షంలోకి వెళ్లినవారి కులాలు లెక్కగట్టడం నా ఉద్దేశం కాదు. వారి శ్రమను, సాహసాన్ని తక్కువ చేయడం అంతకన్నా కాదు. కానీ ఒక తెలుగు బిడ్డ ఏదైనా సాధించిన మరుక్షణం మనం చేసే పని ఏమిటి? 2016లో రియో ఒలింపిక్స్‌లో పి.వి. సింధు వెండి పతకం గెలిచిన వేళ తెలుగు రాష్ట్రాల జనం ఇంటర్నెట్‌లో ఎగబడి వెతికింది ఆమె ఆట గురించి కాదు, ఆమె కులం గురించి. దేశమంతా ఆ వార్త చదివి విస్తుపోయింది. మనం పెద్దగా సిగ్గుపడలేదు. చదువుకున్న పెద్దలు 'మనవాడే' అని ఫోన్లలో సందేశాలు పంపుకుంటే అది అభిమానం, తండా పిల్ల అదే మాటను ప్రశ్నగా అడిగితే కులతత్వం! ఈ ద్వంద్వ నీతి గురించి ఆ పిల్లలతో మాట్లాడటం నాకు ఇష్టం లేకపోయింది. అందుకే సిద్ధం చేసుకున్న కాగితం పక్కనపెట్టి, నల్లజాతి భౌతిక శాస్త్రవేత్త రొనాల్డ్ మెక్‌నైర్ కథ మొదలుపెట్టాను.

అమెరికాలో సౌత్ కరోలినా రాష్ట్రంలో లేక్ సిటీ అని ఒక చిన్న పట్టణం. పత్తి, పొగాకు పండే నేల. 1950 అక్టోబర్ 21న మెక్‌నైర్ అక్కడ పుట్టాడు. తండ్రి మోటారు మెకానిక్, తల్లి బడిపంతులమ్మ. సెలవుల్లో అన్నదమ్ములు పొలాలకు వెళ్లి పత్తి తీసేవారు, పొగాకు కోసేవారు. పత్తి ఏరడమంటే ఏమిటో మానుకోట పిల్లలకు నేను వివరించనక్కరలేదు. నేను ఆ మాట అనగానే చాలామంది తమ వేళ్ల వైపు చూసుకున్నారు. ఆ రోజుల్లో అక్కడ బడి వేరు, బస్సులో సీటు వేరు, తాగే నల్లా వేరు. నల్లవాళ్లకు, తెల్లవాళ్లకు మధ్య చట్టమే గోడ కట్టింది.

1959 వేసవిలో, ఇంకా తొమ్మిదేళ్లు నిండని రొనాల్డ్ ఇంటి నుంచి సుమారు ఒక మైలు నడుచుకుంటూ పట్టణ గ్రంథాలయానికి వెళ్లాడు. అది ప్రజా గ్రంథాలయమే గానీ ఆ ప్రజల్లో నల్లవాళ్లు లేరు. పిల్లవాడు తనకు కావలసిన విజ్ఞానశాస్త్ర పుస్తకాలు ఏరుకుని వరుసలో నిలబడ్డాడు. నీగ్రోలకు పుస్తకాలు ఇవ్వమని అక్కడి ఉద్యోగిని చెప్పింది. ఇస్తేనే వెళ్తానన్నాడు. పోలీసులను పిలుస్తానంది. పిలవమని చెప్పి, కౌంటరు మీదికి ఎక్కి కాళ్లు వేలాడేసుకుని కూర్చున్నాడు. ఆమె పోలీసులకు ఫోన్ చేసింది, తల్లికీ కబురు పంపింది. ఇద్దరు పోలీసులు వచ్చారు. గొడవ ఎక్కడ అని చూస్తే కౌంటరు మీద ఒక బక్కపలుచని పిల్లవాడు కనిపించాడు. తల్లి పరుగున వచ్చింది. పుస్తకాలు పోతే తాను డబ్బు కడతానంది. చివరికి ఆ పోలీసుల్లో ఒకరే, పిల్లవాడికి ఆ పుస్తకాలు ఇచ్చేయరాదా అన్నారు. ఇచ్చారు. ఆమెకు కృతజ్ఞతలు చెప్పమని తల్లి గుర్తుచేస్తే చెప్పి, పుస్తకాలు పట్టుకుని ఇంటికి నడిచాడు. ఈ ఉదంతాన్ని చాలా ఏళ్ల తరువాత అతని అన్న కార్ల్ లోకానికి వివరంగా చెప్పాడు.

ఈ ఘట్టం దగ్గర నేను కాసేపు ఆగాను. ఆగడానికి నా కారణం నాకుంది. మా ఊరిలో ఒకప్పుడు పఠన మందిరం ఉండేది. అది ఒక పెద్దింటి వసారాలో నడిచేది. సాయంత్రం పూట ఒకరు పత్రిక చదివితే నలుగురు అరుగు మీద కూర్చుని వినేవారు. మా నాన్న వాకిట్లో, వేపచెట్టు కింద నిలబడి వినేవాడు. ఎవరూ ఆయనను వెళ్లిపొమ్మనలేదు. అరుగు ఎక్కమనీ అనలేదు. నిలబడి విన్న వార్తలను రాత్రి మాకు చెప్పేవాడు. పోలీసులు రానక్కరలేని చోట, ఫలకం పెట్టి నిషేధం రాయనక్కరలేని చోట, కాళ్లకు తమ చోటు తమకే తెలిసిపోయే చోట కౌంటరు ఎక్కి కూర్చోవడం ఎలా? జాతి వివక్షకు, కులానికి మధ్య పోలికలు ఎన్ని ఉన్నా ఈ తేడాను మరవకూడదు. అక్కడి గోడ చట్టంలో ఉంది గనుక చట్టంతో కొంత కూలింది. ఇక్కడ 1950లోనే రాజ్యాంగం అంటరానితనాన్ని నిషేధించింది. అరుగు మాత్రం అక్కడే ఉండిపోయింది.

అయినా ఈ రెండు కథలు ఒకదానినొకటి చాలాకాలంగా ఎరుగును. 1946లో అంబేద్కర్ అమెరికా నల్లజాతి మేధావి డబ్ల్యూ.ఇ.బి. డుబోయిస్‌కు ఉత్తరం రాశారు, ఆయన నుంచి జవాబూ వచ్చింది. మెక్‌నైర్ గ్రంథాలయంలో కూర్చున్న 1959లోనే, అంతకు కొద్ది నెలల ముందు, మార్టిన్ లూథర్ కింగ్ మన దేశంలో పర్యటించారు. కేరళలో ఒక పాఠశాలకు వెళితే, అక్కడి ప్రధానోపాధ్యాయుడు దళిత విద్యార్థులకు ఆయనను అమెరికా నుంచి వచ్చిన సాటి అంటరానివాడిగా పరిచయం చేశాడు. మొదట ఆ మాట మనసుకు గుచ్చుకున్నా, ఆలోచించిన కొద్దీ అది నిజమేననిపించిందని కింగ్ తరువాత ఒక ప్రసంగంలో చెప్పుకున్నారు.

గ్రంథాలయాల మాట వచ్చింది గనుక ఒక పక్కదారి. కురవి సామాన్యమైన ఊరు కాదు. పదో శతాబ్ది నాటి కొరవి శాసనం తెలుగు గద్యానికి తొలి ఆనవాళ్లలో ఒకటని పండితులు చెబుతారు. అంటే ఈ నేల మీద తెలుగు అక్షరం రాతికెక్కి వెయ్యేళ్లు దాటింది. ఆ రాయిని మోసిన, చెక్కిన చేతుల వారసులు ఆ అక్షరాన్ని చదవడానికి ఎన్ని శతాబ్దాలు పట్టిందన్నది వేరే లెక్క. 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం వెలిశాయని గ్రంథాలయోద్యమ చరిత్ర సగర్వంగా చెబుతుంది, చెప్పాలి కూడా. అదే దశాబ్దంలో, 1906లో, భాగ్యరెడ్డి వర్మ జగన్మిత్ర మండలి పెట్టి వాడల్లో హరికథలతో చైతన్యం తెచ్చాడని, ఆపై దళిత పిల్లలకు బడులు నడిపాడని ఆ పేజీలో కాక వేరే పేజీలో చదువుకోవలసి వస్తుంది. ఇంటి పన్ను కట్టే ప్రతివారూ రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కడుతున్నారు. 1960 నాటి చట్టం అది. ఆ ఎనిమిది పైసలకు ఏ పుస్తకాలు కొంటున్నారు, ఏ తండాకు అవి చేరుతున్నాయి అని అడిగేవాళ్లే కరువు.

మళ్లీ కథకు వద్దాం. మెక్‌నైర్ నల్లజాతి పిల్లలకు కేటాయించిన కార్వర్ హైస్కూల్‌లో 1967లో మొదటి స్థానంలో నిలిచాడు. తరువాత నార్త్ కరోలినా ఎ అండ్ టి విశ్వవిద్యాలయంలో చేరాడు. తెల్లవాళ్ల విశ్వవిద్యాలయంలోకి నల్లవాళ్లను రానీయని కాలంలో, 1891లో, వాళ్ల కోసం పుట్టిన సంస్థ అది. 1960 ఫిబ్రవరి 1న గ్రీన్స్‌బరోలో ఒక హోటల్ కౌంటరు దగ్గర కూర్చుని, తమకూ వడ్డించేదాకా లేవమని దేశాన్నే కదిలించిన నలుగురు యువకులూ ఆ విశ్వవిద్యాలయం విద్యార్థులే. అక్కడ చేరినప్పుడు మెక్‌నైర్‌కు భౌతికశాస్త్రం తనవల్ల అవుతుందో కాదోనన్న భయం పట్టుకుంది. సంగీతం తీసుకుందామనుకున్నాడు, సాక్సోఫోన్ బాగా వాయించేవాడు. ఒక నల్లజాతి కౌన్సెలర్ అతని మార్కులు చూసి, నువ్వు భౌతికశాస్త్రానికి సరిపోతావు, వెళ్లి చదువుకో అని పంపింది. చెప్పుకోవడానికి చాలా చిన్న మాట అది. విశ్వవిద్యాలయంలో పదిహేనేళ్లకు పైగా పాఠాలు చెబుతున్నవాడిగా నాకు తెలుసు, ఆ చిన్న మాట సరైన వారంలో చెప్పేవాళ్లు లేక ఎంతమంది పిల్లలు సబ్జెక్టు మార్చుకున్నారో, ఎంతమంది పెట్టె సర్దుకుని ఊరికి వెళ్లిపోయారో.

1971లో ఇంజనీరింగ్ ఫిజిక్స్‌లో పట్టా పుచ్చుకుని మెక్‌నైర్ మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీకి వెళ్లాడు. అక్కడ లేజర్ భౌతికశాస్త్రంలో పరిశోధన. దారిలో దొంగలు అతని సంచి లాక్కుంటే రెండేళ్ల పరిశోధన ఫలితాలు అందులోనే పోయాయి. ఏడుస్తూ కూర్చోక ప్రయోగాలన్నీ మళ్లీ చేసి, ఏడాది తిరగకుండానే కొత్త ఫలితాలు సిద్ధం చేసుకున్నాడు. 1976లో పిహెచ్.డి. వచ్చింది. కరాటేలో బ్లాక్ బెల్ట్ కూడా. అటు తరువాత కాలిఫోర్నియాలో హ్యూస్ పరిశోధనా ప్రయోగశాలలో లేజర్ల మీద పనిచేశాడు.

ఈ భాగాన్ని మన ఉపన్యాసకులు ఎలా చెబుతారో నాకు తెలుసు. 'చూశారా, పట్టుదల ఉంటే పేదరికం అడ్డు కాదు, కులం అడ్డు కాదు' అంటారు. ప్రతిభకు ఇంత తేలికైన కథ ఇంకొకటి దొరకదు. కానీ అతని జీవిత వివరాల్లో ఎవరూ పెద్దగా పట్టించుకోని ఒక వరుస ఉంది: 1971 నుంచి 1974 వరకు ఫోర్డ్ ఫౌండేషన్ ఫెలోషిప్, 1974-75లో నేషనల్ ఫెలోషిప్ ఫండ్, 1975లో నాటో ఫెలోషిప్, దానితో ఫ్రాన్స్‌లో లేజర్ భౌతికశాస్త్ర అధ్యయనం. అంటే ఎంఐటీలో ఉన్న కాలమంతా ఒక చేయి వదిలితే ఇంకో చేయి పట్టుకుంది. పోయిన రెండేళ్ల పనిని తిరిగి చేయగలగడానికి పట్టుదల ఎంత అవసరమో, ఆ ఏడాది గది అద్దెకు, తిండికి డబ్బు ఉండటమూ అంతే అవసరం. మన పరిశోధక విద్యార్థులకు ఫెలోషిప్ నెలల తరబడి ఆగిపోతే వాళ్లు ప్రయోగశాలలో ఉంటారా, కోచింగ్ సెంటర్‌లో పాఠాలు చెప్పుకుంటూ ఉంటారా? నా దగ్గర పరిశోధన చేసిన ఒక విద్యార్థి మిర్చి కోతలకు వెళ్లి వచ్చి సిద్ధాంత వ్యాసం రెండో అధ్యాయం రాశాడు. ఆ అధ్యాయం ఆలస్యమైందని అతనికి తాఖీదు కూడా వచ్చింది.

భౌతికశాస్త్రమనగానే హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో 2008 ఫిబ్రవరిలో ప్రాణం తీసుకున్న సెంథిల్ కుమార్ గుర్తుకొస్తాడు. తమిళనాడులోని సేలం ప్రాంతం నుంచి, పందులు మేపుకుని బతికే దళిత కులం నుంచి వచ్చి భౌతికశాస్త్రంలో పిహెచ్.డి.లో చేరిన యువకుడు. నెలలు గడిచినా అతనికి పర్యవేక్షకుడు దొరకలేదు. అదే ప్రాంగణంలో 2016 జనవరి 17న వెళ్లిపోయిన రోహిత్ వేముల నక్షత్రాలను ప్రేమించినవాడు, కార్ల్ శాగన్ లాగా విజ్ఞానశాస్త్రం రాయాలని కలగన్నవాడు. ఆకాశం మీద ఆశ పెట్టుకున్న పిల్లలను నేల మీద నిలవనీయకపోవడం మనకు కొత్త కాదు. అంతకు వందేళ్ల ముందు కలకత్తాలోని హిందూ హాస్టల్‌లో మేఘనాథ్ సాహాతో కలిసి భోంచేయడానికి కొందరు అగ్రకుల విద్యార్థులు ఒప్పుకోలేదు. నక్షత్రాల కాంతిని చదివి వాటి ఉష్ణోగ్రతను చెప్పగల అయనీకరణ సమీకరణాన్ని ప్రపంచానికి ఇచ్చినవాడు, 1920లో, ఆ సాహాయే.

ప్రతిభ అనే మాట ఎత్తినప్పుడల్లా రాకెట్ల ఉదాహరణ ఇవ్వడం మన దగ్గర ఒక అలవాటు. 'రిజర్వేషన్ పైలట్ నడిపే విమానం ఎక్కుతారా' అని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పరిశోధనకు సంబంధించిన కొన్ని ఉన్నత శాస్త్ర, సాంకేతిక పదవులను రిజర్వేషన్ల పరిధి నుంచి మినహాయిస్తూ 1975లోనే కేంద్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చిన సంగతి వాళ్లలో ఎందరికి తెలుసు? మొదటి వరుస ఐఐటీలలో, ఐఐఎస్సీలో దళిత, ఆదివాసీ ప్రొఫెసర్లు ఒక శాతం కూడా లేరని 2023 జనవరిలో 'నేచర్' పత్రిక రాసింది. చట్ట ప్రకారం ఎస్సీలకు 15 శాతం, ఎస్టీలకు 7.5 శాతం ఉండవలసిన దేశం ఇది. విమానం ఎవరు నడుపుతున్నారన్న ప్రశ్నకు జవాబు ఆ ఒక్క అంకెలోనే ఉంది.

అమెరికాలో కూడా ఎవరు ఆకాశానికి వెళ్లాలన్నది మొదట ప్రతిభ నిర్ణయించలేదు, నియమం నిర్ణయించింది. 1959లో తొలి వ్యోమగాములను ఎంచుకున్నప్పుడు సైన్యంలో జెట్ విమానాల టెస్ట్ పైలట్ అయి ఉండాలన్నారు. నల్లవాళ్లు, స్త్రీలు లేని గది నుంచి మనుషులను ఏరుకుని, వాళ్లు దొరకలేదని చెప్పుకున్నారు. కెప్టెన్ ఎడ్ డ్వైట్ అనే నల్లజాతి పైలట్ కెనడీ ప్రభుత్వ ప్రోత్సాహంతో శిక్షణ పొందినా, 1963లో నాసా ప్రకటించిన 14 మంది జాబితాలో అతని పేరు లేదు. 1966లో వైమానిక దళాన్ని విడిచి, తరువాత శిల్పి అయ్యాడు. భౌతిక రసాయనశాస్త్రంలో పిహెచ్.డి. చేసిన మేజర్ రాబర్ట్ లారెన్స్ 1967 జూన్‌లో సైనిక అంతరిక్ష కార్యక్రమానికి ఎంపికయ్యాడు. అదే డిసెంబర్‌లో శిక్షణ విమానం కూలి మరణించాడు. నాసా తలుపు తెరుచుకున్నది 1970ల చివర. స్పేస్ షటిల్‌కు శాస్త్రవేత్తలు కావలసి వచ్చారు. స్త్రీలు, అల్పసంఖ్యాక జాతుల వారు దరఖాస్తు చేయాలని నాసా ఊరూరా ప్రచారం చేసింది. 'స్టార్ ట్రెక్' నటి నిషెల్ నికొల్స్‌ను అందుకు నియమించుకుంది. 8 వేలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. 1978 జనవరిలో 35 మందిని ఎంపిక చేశారు. వారిలో ఆరుగురు స్త్రీలు, ముగ్గురు నల్లవాళ్లు. ఆ ముగ్గురిలో ఒకడు మెక్‌నైర్. అప్పుడు అతని వయసు 27. అమెరికా తొలి మహిళా వ్యోమగామి అయిన భౌతిక శాస్త్రవేత్త శాలీ రైడ్ కూడా ఆ జట్టులోదే. నియమం మారాక నాణ్యత తగ్గిందని నాసా ఎన్నడూ అనలేదు.

ఇక్కడ మన పత్రికలు వదిలేసిన ఒక ముచ్చట చెప్పాలి. విజయవాడలో పుట్టిన గోపీ తోటకూర 2024 మే 19న బ్లూ ఆరిజిన్ నౌకలో అంతరిక్షపు అంచు దాకా వెళ్లొచ్చినప్పుడు తెలుగు పత్రికలన్నీ మొదటి పేజీల్లో వేసుకున్నాయి. అదే నౌకలో, అతనితో పాటు వెళ్లిన ఐదుగురిలో ఒక ముసలాయన ఉన్నాడు. ఆయన వయసు 90. పేరు ఎడ్ డ్వైట్. అరవై ఏళ్లు ఆలస్యంగా, పది నిమిషాల ప్రయాణానికి ఆయనకు సీటు దొరికింది. ఒకే కిటికీల గదిలో మన తెలుగు గర్వమూ, ఆ అరవై ఏళ్ల నిరాకరణా పక్కపక్కన కూర్చున్నాయి. మనం ఒకరినే ఫోటో తీసుకున్నాం.

మెక్‌నైర్ 1984 ఫిబ్రవరి 3న ఛాలెంజర్ నౌకలో బయల్దేరాడు. అంతకు ముందు ఏడాది వెళ్లిన గయన్ బ్లూఫర్డ్ తరువాత అంతరిక్షం చేరిన రెండో ఆఫ్రికన్ అమెరికన్ అతడు. ఆ యాత్రలోనే బ్రూస్ మెక్‌కాండ్లెస్ ఏ తాడూ లేకుండా నౌక బయట తేలియాడాడు. నౌక రోబో చేతిని నడిపి ఆ పనుల్లో సాయపడినవాడు మెక్‌నైర్. మొత్తం 191 గంటలు అంతరిక్షంలో ఉన్నాడు. తనతో తీసుకెళ్లిన సాక్సోఫోన్‌ను అక్కడ వాయించాడు. ఈ మాట చెప్పగానే ఆశ్రమ పాఠశాల పిల్లలు చప్పట్లు కొట్టారు. రాకెట్ కంటే వాద్యమే వాళ్లకు బాగా నచ్చింది.

రెండోసారి 1986 జనవరి 28న. ఆ ఉదయం ఫ్లోరిడాలో గడ్డకట్టే చలి. రాకెట్ భాగాల అతుకుల దగ్గర వేడి వాయువు బయటికి రాకుండా ఆపే రబ్బరు వలయాలు ఆ చలికి బిగుసుకుపోతాయని ఆ రాకెట్‌ను తయారుచేసిన సంస్థ ఇంజనీర్లు ముందు రాత్రే హెచ్చరించారు. పైవాళ్లు వినలేదు. బయల్దేరిన 73 సెకన్లకు నౌక ముక్కలైంది. ఏడుగురు మరణించారు. మెక్‌నైర్‌కు 35 ఏళ్లు. భార్య, ఇద్దరు చిన్న పిల్లలు. విచారణ సంఘంలో ఉన్న భౌతిక శాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ మంచునీళ్ల గ్లాసులో రబ్బరు ముక్క ముంచి, అది ఎలా బిగుసుకుంటుందో అందరి ముందూ చూపించాడు. కింద పనిచేసేవాళ్ల మాట పైకి చేరకపోతే ఏమవుతుందన్నది నేను తరగతిలో చెప్పే పాఠం. దానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు ఇప్పటిదాకా దొరకలేదు.

అతని మరణం తరువాత అమెరికా ప్రభుత్వం విగ్రహంతో ఊరుకోలేదు. 1986లోనే అతని పేరిట ఒక పథకాన్ని చట్టబద్ధం చేసింది. ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదువుతున్న పేద పిల్లలను, ఉన్నత విద్యలో తగినంత చోటు లేని జాతుల పిల్లలను డిగ్రీలో ఉండగానే గుర్తించి, వేసవిలో పరిశోధన నేర్పి, ఒక ప్రొఫెసర్‌ను తోడు ఇచ్చి, పిహెచ్.డి. ద్వారం దాకా చేయిపట్టి తీసుకెళ్లే పథకం అది. దాదాపు 200 విద్యాసంస్థల్లో నడుస్తోంది. 2023 జూన్‌లో అక్కడి సుప్రీంకోర్టు ప్రవేశాలలో జాతిని పరిగణించరాదన్నాక ఇటువంటి వాటన్నిటి మీదా నీలినీడలు కమ్ముకున్నాయి. ఆ పోరాటం వాళ్లది, సాగుతోంది. మన దగ్గర ఇటువంటి వంతెన కట్టిందెవరు?

సగం కట్టామని నిజాయితీగా ఒప్పుకోవాలి. తెలంగాణ గురుకులాలు ఆ సగం. నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన లంబాడా బాలిక మాలావత్ పూర్ణ 2014 మే 25న, పద్నాలుగేళ్లు నిండకముందే, ఎవరెస్టు ఎక్కింది. ఆమెతో ఖమ్మం జిల్లా దళిత విద్యార్థి ఆనంద్ కుమార్ కూడా ఎక్కాడు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు. వాళ్లు శిఖరం చేరేదాకా గురుకుల పిల్లలకు కొండలెక్కే ప్రతిభ ఉందని ఎవరూ అనలేదు. చేరాక మాత్రం అది వాళ్ల రక్తంలోనే ఉందన్నవాళ్లున్నారు. తర్ఫీదు ఇచ్చిన సంగతి మరిచిపోయారు. ఇంటర్ దాకా, డిగ్రీ దాకా మన పిల్లలను తీసుకొచ్చాం. అక్కడి నుంచి వాళ్లు ఇంజనీరింగ్ కన్వీనర్ కోటాలోకో, గ్రూప్స్ కోచింగ్‌కో, పోలీసు ఉద్యోగాల పరుగు పందేనికో వెళ్తారు. అది వాళ్ల తప్పు కాదు. ఇంటికి ఒక జీతం కావాలి. మౌలిక విజ్ఞానశాస్త్రం ముప్పై ఏళ్లొచ్చేదాకా తిండి పెట్టని చదువు. ఆ పదేళ్ల ఖాళీని ఇంటి ఆస్తి పూడ్చగలవాళ్లే అందులోకి వెళ్తున్నారు, ఆపై అక్కడ తామే ఉన్నామంటే దానికి ప్రతిభ అని పేరు పెట్టుకుంటున్నారు. గురుకుల డిగ్రీ కళాశాలల్లో భౌతిక, గణితశాస్త్రాలు చదివే పిల్లల నుంచి ఏటా కొందరిని ఎంచి, డిగ్రీ రెండో ఏటి నుంచి పిహెచ్.డి. పూర్తయ్యేదాకా ఆగని భృతి, పేరు పేరునా ఒక మార్గదర్శి, వేసవిలో జాతీయ ప్రయోగశాలల్లో పని ఇస్తే రాష్ట్ర బడ్జెట్‌కు అదెంత? ఒక్క ఫ్లైఓవర్ ఖర్చులో ఎన్నో వంతు? ఈ మాట నేను రెండు సమావేశాల్లో అన్నాను. రెండింటిలోనూ టీ వచ్చింది.

తొందర ఎందుకంటే, లెక్క ఉంది. 2035 నాటికి సొంత అంతరిక్ష కేంద్రం, 2040 నాటికి చంద్రుడి మీద భారతీయుడి అడుగు అని దేశం ప్రకటించుకుంది. గగన్‌యాన్‌కు ఎంపికైన నలుగురూ వైమానిక దళ పైలట్లు. మొదటి యాత్రలకు అది సహజమే. కానీ అంతరిక్ష కేంద్రం కట్టాక ప్రయోగాలు చేయడానికి శాస్త్రవేత్తలు కావాలి, నాసాకు 1978లో కావలసినట్లే. ఆ రోజు దరఖాస్తు చేయగలవాళ్లు ఈ రోజు ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల్లో ఉన్నారు. కురవిలో నన్ను ప్రశ్నించిన అమ్మాయికి 2040లో 29 ఏళ్లు వస్తాయి. మెక్‌నైర్ ఎంపికైన వయసుకు రెండేళ్లే ఎక్కువ. అర్హతల కాగితం రాసేవాళ్లు ఏ గదిలో నుంచి మనుషులను ఏరుకుంటారన్నది అప్పటికి తేలిపోయి ఉంటుంది.

కథ పూర్తయ్యాక ఆ అమ్మాయి మళ్లీ లేచింది. ఈసారి టీచరమ్మ ఆపలేదు. మెక్‌నైర్ మనోడా కాదా అని అడుగుతుందేమో, దానికి ఏం చెప్పాలా అని నాలో నేను సిద్ధమవుతున్నాను. ఆమె అడిగింది అది కాదు.

'పుస్తకాలియ్యమన్న ఆ లైబ్రరీ ఇంక ఉన్నదా సార్?'

ఉందని చెప్పాను. ఆ పాత గ్రంథాలయ భవనాన్నే 2011లో అతని జీవిత చరిత్ర ప్రదర్శనశాలగా మార్చారని, గుమ్మం మీద ఇప్పుడు అతని పేరే ఉందని చెప్పాను. పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఆ కౌంటరు ఎంత ఎత్తు ఉంటుందని ఒక పిల్లవాడు వెనుక నుంచి అడిగాడు. నేను చేత్తో నడుము దాకా చూపిస్తే, వాడు పక్కనున్న బల్ల ఎక్కి కాళ్లు వేలాడేసుకుని కూర్చున్నాడు. అప్పుడే భోజనం గంట కొట్టారు.